పోగు నుంచి సమత వరకు: 'సమవిభజన' అనే పదం వెనుక ఉన్న చరిత్ర

ప్రస్తావన

తెలుగు మాధ్యమంలో జీవశాస్త్రం చదివిన ప్రతి విద్యార్థికీ 'సమవిభజన' పరిచితమైన పదం. ఒక కణం రెండు కణాలుగా విడిపోయేటప్పుడు దాని కేంద్రకంలోని క్రోమోజోములు రెండు పిల్లకణాలకూ సరిసమానంగా చేరే ప్రక్రియకు అది పేరు. ఇంగ్లీషులో వాడే 'మైటాసిస్' గ్రీకు భాషలో దారం అనే అర్థమున్న 'మిటోస్' నుంచి పుట్టింది. ఆ పేరులో సమానత్వమనే భావం లేదు. తెలుగు పేరులో దారమనే భావం లేదు. హిందీ పారిభాషికులు 'సమసూత్రీ విభాజన్' అని రెండు భావాలనూ కలుపుకొన్నారు. తమిళంలోని 'ఇళైయురుప్పిరివు' పోగు రూపాన్నే పట్టుకొంది. తెలుగు మాత్రం పోగును విడిచి సమతను నిలుపుకొంది.

ఈ భేదం కేవలం అనువాదకుల అభిరుచికి సంబంధించినది కాదు. దారం సూక్ష్మదర్శినిలో కంటికి కనిపించిన విషయం. సమత కంటికి కనిపించిన విషయం కాదు. అది ఒక సిద్ధాంతం. దానిని ప్రతిపాదించినవారు ఉన్నారు, కాదన్నవారు ఉన్నారు, ప్రతిపాదించి తరువాత విడిచినవారూ ఉన్నారు. అది నిలదొక్కుకోవడానికి దశాబ్దాలు పట్టింది. నిలదొక్కుకోవడానికి తోడ్పడిన సాక్ష్యాలలో అలైంగిక ప్రత్యుత్పత్తి ముఖ్యమైనది. 'సమ' అనే రెండక్షరాలలో ఇమిడిన ఆ వివాద చరిత్రను పరిశీలించి, తెలుగు పారిభాషిక పదాలు ఆ చరిత్రలో ఏ భాగాన్ని నిలుపుకొన్నాయో, ఏ భాగాన్ని వదులుకొన్నాయో నిర్ణయించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కణం ఎక్కడినుంచి పుడుతుంది?

1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కను సూక్ష్మదర్శినిలో చూసి, అందులో కనిపించిన గూళ్ళను చిన్న గది అనే అర్థమున్న మాటతో పిలిచాడు. ఆ గదులు ఎలా ఏర్పడతాయన్న ప్రశ్న మాత్రం 19వ శతాబ్ది వరకు బలంగా ముందుకు రాలేదు. 1838లో ష్లైడెన్ మొక్కల విషయంలోను, 1839లో ష్వాన్ జంతువుల విషయంలోను కణమే దేహనిర్మాణానికి మూలమని ప్రతిపాదించారు. అయితే కణం పుట్టుక గురించి వారు చెప్పినది నేటి అవగాహనకు విరుద్ధం. ద్రవంలో స్ఫటికం ఏర్పడినట్లు, రూపంలేని ఒక మూలద్రవ్యంలో ముందు కేంద్రకం, దాని చుట్టూ కణం కొత్తగా గడ్డకట్టుకొని ఏర్పడతాయని వారు భావించారు.

అప్పటికే దీనికి భిన్నమైన పరిశీలనలు ఉన్నాయి. 1832లో డ్యుమోర్టియే, 1835లో హ్యూగో వాన్ మోల్ తంతువుల రూపంలో పెరిగే నాచుమొక్కలలో కణం మధ్య అడ్డగోడ ఏర్పడి రెండుగా విడిపోవడాన్ని వర్ణించారు. 1841లో రాబర్ట్ రేమాక్ కోడిపిండంలోని రక్తకణాలు విభజన చెందడాన్ని గమనించాడు. దశాబ్దానికి పైగా పరిశీలన సాగించి 1852లో ఆయన ఒక సాధారణ సూత్రానికి వచ్చాడు: కొత్త కణాలన్నీ ఉన్న కణాల విభజన వల్లనే ఏర్పడతాయి. 1855లో రుడాల్ఫ్ విర్షో అదే భావాన్ని క్లుప్తమైన లాటిన్ నినాదంగా మలిచాడు. 1858లో వెలువడిన రోగనిదాన గ్రంథంతో అది లోకప్రసిద్ధమైంది. యూదుడు కావడం వల్ల ప్రష్యా విశ్వవిద్యాలయాలలో రేమాక్ ఎదుగుదలకు అడ్డంకులు ఏర్పడ్డాయి. ఆయన శ్రమకు దక్కవలసిన కీర్తిలో పెద్ద భాగం నినాదానికి దక్కింది. పరిశోధన చేసినవాని పేరు కంటే పదం కూర్చినవాని పేరు ఎక్కువకాలం నిలవడం శాస్త్రచరిత్రలో అరుదు కాదు.

కణం కణం నుంచే పుడుతుందని అంగీకరించిన తరువాత కూడా కేంద్రకం ఏమవుతుందో తెలియలేదు. విభజనకు ముందు పాత కేంద్రకం కరిగిపోయి, పిల్లకణాలలో కొత్తవి ఏర్పడతాయని చాలామంది నమ్మారు. కేంద్రకపు పొర కనుమరుగు కావడాన్ని వారు సరిగ్గానే చూశారు. లోపలి పదార్థం కొనసాగుతుందన్నది వారికి కనిపించలేదు.

పోగులు కనిపించిన కాలం

ఆ పదార్థం కనిపించడానికి రంగులు కావలసి వచ్చాయి. 1856లో విలియం పెర్కిన్ కృత్రిమ ఊదారంగును కనుగొన్న తరువాత ఐరోపాలో అద్దకపు పరిశ్రమ కోసం అనిలీన్ రంగులు విస్తారంగా తయారయ్యాయి. నూలుకు, పట్టుకు అద్దే రంగులలో కొన్ని కేంద్రకంలోని పదార్థానికి ప్రత్యేకంగా పట్టుకొంటాయని సూక్ష్మదర్శిని పరిశోధకులు గుర్తించారు. 1870ల నుంచి ష్నైడర్, బ్యుట్ష్లీ, స్ట్రాస్‌బర్గర్ వంటివారు కేంద్రక విభజన దృశ్యాలను ఒక్కొక్కటిగా నమోదు చేశారు.

ఆ దృశ్యాలను క్రమంలో పేర్చి ఒక కథగా చెప్పినవాడు వాల్టర్ ఫ్లెమింగ్. జర్మనీలోని కీల్ విశ్వవిద్యాలయంలో ఆయన సాలమాండర్ లార్వాల కణాలను ఎంచుకొన్నాడు. వాటి కేంద్రకాలు పెద్దవి కావడం వల్ల లోపలి మార్పులు స్పష్టంగా కనిపిస్తాయి. రంగును గాఢంగా పట్టుకొనే పదార్థానికి ఆయన 'క్రొమాటిన్' అని పేరు పెట్టాడు. విభజన సమయంలో అది పోగులుగా మారుతుందని, ఒక్కొక్క పోగూ నిలువునా రెండుగా చీలుతుందని చూపాడు. 1882లో వెలువడిన గ్రంథంలో ఈ ప్రక్రియకు పోగును ఆధారం చేసుకొని 'మైటాసిస్' అని పేరు పెట్టాడు. చూసినదానికే పేరు పెట్టాడు. దాని ప్రయోజనాన్ని పేరులోకి తీసుకురాలేదు. ఆ పోగులకు 'క్రోమోజోము' అనే పేరు 1888లో వాల్డేయర్ పెట్టినది.

నేటి పాఠ్యపుస్తకాలలోని దశల పేర్లూ ఆ కాలానివే. తొలి దశల పేర్లు 1884లో స్ట్రాస్‌బర్గర్ కూర్చినవి. చివరి దశ పేరు 1894లో హైడెన్‌హైన్ చేర్చినది. తెలుగులో అవి ప్రథమదశ, మధ్యస్థదశ, చలనదశ, అంత్యదశ అయ్యాయి. ప్రథమదశలో క్రోమోజోములు పొట్టిబడి, లావెక్కి విడివిడిగా కనిపిస్తాయి. మధ్యస్థదశలో అవి కణం నడుమ ఒక వరుసలో నిలుస్తాయి. చలనదశలో ఒక్కొక్క క్రోమోజోము రెండు సగాలూ ఎదురెదురు ధ్రువాల వైపు కదులుతాయి. అంత్యదశలో రెండు గుంపుల చుట్టూ రెండు కేంద్రకాలు ఏర్పడతాయి. ఆ పైన కణద్రవ్యం విడిపోతుంది. మూడవ దశకు గ్రీకు పూర్వపదాన్ని అనువదించకుండా అందులో జరిగే పనిని బట్టి 'చలన' అని పెట్టడం గమనింపదగినది. తెలుగు పారిభాషికులు మూలపదం వ్యుత్పత్తి కంటే ప్రక్రియలోని క్రియకు ప్రాధాన్యం ఇచ్చారనడానికి ఇది మొదటి నిదర్శనం.

సమత ఒక వాదంగా

ఫ్లెమింగ్ గ్రంథం వెలువడిన మరుసటి ఏడాది, 1883లో, విల్హెల్మ్ రూ ఒక సూటి ప్రశ్న వేశాడు. కేంద్రకాన్ని రెండు చేయడమే లక్ష్యమైతే నడుమ నొక్కి తుంచితే సరిపోతుంది. ఇన్ని పోగులు, ఇంత వరుస, నిలువు చీలిక, ఎదురెదురు ప్రయాణం ఎందుకు? ఆయన చెప్పిన సమాధానం ఇది: పోగు పొడవునా వేర్వేరు గుణాలు వరుసగా ఉండి ఉండాలి, అడ్డంగా తుంచితే కొన్ని గుణాలు ఒకవైపు, కొన్ని మరొకవైపు పోతాయి, నిలువునా చీలిస్తేనే ప్రతి గుణమూ రెండువైపులా చేరుతుంది. అదే సంవత్సరం వాన్ బెనెడెన్ గుర్రపు ఏలికపాము గుడ్లను పరిశీలించి, చీలిన సగాలు వేర్వేరు పిల్లకణాలకు చేరతాయని చూపాడు. మెండెల్ సూత్రాలు 1866లోనే అచ్చయినా 1900 వరకు మరుగున ఉన్నాయి కనుక, ఈ వాదం వాటి సహాయం లేకుండానే రూపుదిద్దుకొంది.

ఆగస్ట్ వైస్‌మన్ 1887లో విభజనలను రెండు తెగలుగా విడదీశాడు: వారసత్వ పదార్థం సమంగా పంచేది ఒకటి, దానిని సగానికి తగ్గించేది మరొకటి. తెలుగులోని 'సమవిభజన', 'క్షయకరణ విభజన' అనే జంట అర్థంలో ఈ రెండు తెగలకే సరిపోతుంది. 'మైటాసిస్' పదానికి కాదు. రెండవ తెగకు 1905లో వచ్చిన 'మియోసిస్' అనే పేరుకు తగ్గుదల అనే అర్థం ఉంది కనుక 'క్షయకరణ' దానికీ నప్పింది. 'సమ' మాత్రం జంటలోని సహచర పదం వల్లనే సార్థకమైంది.

విచిత్రమేమంటే, ఆ జంటను స్పష్టంగా చెప్పిన వైస్‌మన్ శరీరకణాలలోని విభజనలన్నీ సమమేనని ఒప్పుకోలేదు. ఒకే కణం నుంచి కండరం, ఎముక, నరం వంటి భిన్న కణాలు ఎలా వస్తాయన్న ప్రశ్న ఆయనను వేధించింది. పెరుగుదలలో కేంద్రకంలోని గుణాంశాలు కొద్దికొద్దిగా వేర్వేరు కణాలకు పంపకమవుతాయని, చివరికి ప్రతి కణానికీ దాని పనికి అవసరమైన అంశాలే మిగులుతాయని 1892 నాటి గ్రంథంలో వాదించాడు. సమత వాదానికి ఆద్యుడైన రూ కూడా ఈ పక్షానికే చేరాడు. 1888లో ఆయన కప్పపిండం రెండు కణాల దశలో ఉన్నప్పుడు ఒక కణాన్ని వేడిసూదితో చంపగా, మిగిలినది సగం పిండంగా పెరిగింది. పంపకం అసమమని ఆయన నిర్ణయించుకొన్నాడు.

1891లో హాన్స్ డ్రీష్ సీ అర్చిన్ అనే ముళ్ళ సముద్రజీవి పిండకణాలను చంపకుండా విడదీశాడు. ఒక్కొక్క కణమూ చిన్నదైనా పూర్తి లార్వాగా పెరిగింది. అసమ పంపకం నిజమైతే ఇది సాధ్యం కాదు. ఆస్కార్ హెర్ట్‌విగ్ వైస్‌మన్‌ను వ్యతిరేకిస్తూ, ప్రతి విభజనా వారసత్వం దృష్ట్యా సమమేనని పట్టుబట్టాడు. ఆయన పక్షానికి బలం చేకూర్చిన ఉదాహరణలు ప్రయోగశాలలో కంటే తోటలలో ఎక్కువగా ఉన్నాయి.

తోటలోని సాక్ష్యం

1740లో అబ్రహాం ట్రెంబ్లే హేగ్ నగరం దగ్గర కుంటనీటిలో దొరికిన ఒక చిన్న ప్రాణిని ముక్కలు చేశాడు. అది మొక్కో జంతువో తేల్చుకోవడం ఆయన ఉద్దేశం. ప్రతి ముక్కా పూర్తి ప్రాణిగా పెరిగింది. దాని ఒంటిపై మొగ్గలు తొడిగి, విడిపోయి కొత్త ప్రాణులు కావడాన్నీ ఆయన చూశాడు. తల నరికిన కొద్దీ తలలు మొలిచే పురాణసర్పం పేరుతో అది 'హైడ్రా' అయింది. శతాబ్దిన్నర తరువాత ఇదే ప్రాణి వైస్‌మన్‌కు ఇబ్బందికరమైన ప్రశ్నగా నిలిచింది. ప్రతి కణానికీ దాని వాటా మాత్రమే దక్కితే, ముక్కకు మొత్తం దేహాన్ని కట్టే సామర్థ్యం ఎక్కడిది? అవసరానికి పనికివచ్చేలా కొన్ని కణాలలో అదనపు గుణాంశాలు నిలువ ఉంటాయని ఆయన చెప్పవలసి వచ్చింది. మినహాయింపులు పెరిగిన కొద్దీ సిద్ధాంతం బలహీనపడింది.

మొక్కల విషయంలో ఆ మినహాయింపు దాదాపు నియమమే. రణపాల ఆకు నేలమీద పడితే అంచున ఉన్న గంట్లలో మొలకలు వస్తాయి. చెరకు గడను కన్నులున్న ముచ్చెలుగా నరికి పాతితే తోట అవుతుంది. నరికిన తరువాత మోడు నుంచి లేచే పిలకలు కార్శి పంట అవుతాయి. అరటి పిలకతోను, పసుపు కొమ్ముతోను, మల్లె అంటుతోను వృద్ధి అవుతాయి. మంచి మామిడి గుణాన్ని నిలుపుకోవాలంటే టెంక నాటరు, అంటు కడతారు. రాయలసీమలో దానినే 'ఒట్టు' అంటారు. టెంక నుంచి వచ్చిన చెట్టు కాయ తల్లి కాయలా ఉంటుందన్న భరోసా తక్కువ. అంటు చెట్టు కాయకు ఆ భరోసా ఉంది. సమవిభజన అన్న పేరు పుట్టకముందే ఆ సమతను తెలుగు రైతు తన పద్ధతికి పునాదిగా చేసుకొన్నాడు. లైంగిక ప్రత్యుత్పత్తిలో గుణాలు కలగలుస్తాయి. అంటులో, ముచ్చెలో, పిలకలో తల్లి కణాల సమవిభజన మాత్రమే సాగుతుంది కనుక గుణం మారదు.

1902లో హేబర్‌లాంట్ మొక్కలోని ఒక్క కణం నుంచి మొత్తం మొక్కను పెంచడం సాధ్యం కావాలని ఊహించాడు. ఆయన ప్రయోగాలు ఫలించలేదు. 1958లో స్టీవార్డ్ బృందం క్యారెట్ దుంప కణజాలం నుంచి విడదీసిన కణాలను పోషకద్రవంలో పెంచి పూర్తి మొక్కలను రాబట్టింది. దుంపలో నిలువకు పరిమితమైన కణంలో కూడా వేరు, ఆకు, పువ్వు కట్టే వారసత్వం చెక్కుచెదరకుండా ఉందని అది నిరూపించింది. ఈనాడు ఆంధ్రప్రదేశ్‌లో నాటుతున్న టిష్యూకల్చర్ అరటి మొక్కలు ఆ నిరూపణకు కొనసాగింపు. కణాల మధ్య తేడా వారసత్వ పంపకంలోది కాదని, ఉన్న వారసత్వంలో ఏ భాగాన్ని వాడుకొంటున్నాయన్నదానిలోనిదని ఆ తరువాతి పరిశోధన స్పష్టం చేసింది.

సమతకు మరో ముఖం

సమత వరం మాత్రమే కాదు. తల్లి గుణంతో పాటు తల్లి బలహీనతా సమంగానే పంచబడుతుంది. 1845లో ఐర్లండ్‌లో బంగాళాదుంపకు మాడు తెగులు సోకింది. పేదలు ఎక్కువగా సాగుచేసినది 'లంపర్' అనే ఒకే రకం. అది దుంప ముక్కలతో తరతరాలుగా వృద్ధి చేసినది కనుక, ఒక మొక్కను చంపగల తెగులు అన్ని మొక్కలనూ చంపగలిగింది. తెగులుతో పాటు పాలకుల నిర్లక్ష్యమూ తోడై, ఆ కరువులో సుమారు 10 లక్షల మంది మరణించారు. అంతకు మించిన సంఖ్యలో దేశం విడిచారు.

తెలుగునేలపై దీనికి పోలిక గోదావరి డెల్టా చెరకులో కనిపిస్తుంది. 1900 ప్రాంతంలో అక్కడి చెరకును ఎర్రకుళ్ళు తెగులు దెబ్బతీసింది. ముచ్చెలతో పాటు తెగులూ కొత్త తోటకు చేరేది. సామర్లకోటలో చెరకు ప్రయోగక్షేత్రం ఏర్పడింది. 1912లో కోయంబత్తూరులో చెరకు ప్రజనన సంస్థ నెలకొంది. అక్కడ బార్బర్, వెంకటరామన్ మేలుజాతి చెరకును రెల్లుతో సంకరం చేసి, తట్టుకొనే శక్తి ఉన్న రకాలను సాధించారు. ఏరులవెంట తనంతట తాను పెరిగే రెల్లు ఈ విధంగా చెరకుకు ఆసరా అయింది. అయితే సంకరం వల్ల లభించిన కొత్త రకాన్ని పొలాలకు చేర్చినది మళ్ళీ ముచ్చే. కొత్తదనానికి లైంగిక ప్రత్యుత్పత్తి, దానిని నిలపడానికి అలైంగిక ప్రత్యుత్పత్తి: వ్యవసాయం రెండింటినీ ఆశ్రయించక తప్పలేదు.

తెలుగు పదాల పరీక్ష

1906లో ఏర్పడిన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి నుంచి 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి వరకు విజ్ఞానశాస్త్రాలను తెలుగులో చెప్పే ప్రయత్నం సాగింది. ఆ ప్రయత్న ఫలితంగా స్థిరపడిన పదాలను పై చరిత్ర వెలుగులో పరీక్షించవచ్చు.

మొదటిది 'సమవిభజన'లోని 'సమ'. ఇది పరిమాణాన్ని చెప్పదు, వారసత్వాన్ని చెబుతుంది. ఈస్ట్ కణం మొగ్గ తొడిగినప్పుడు మొగ్గ తల్లికణం కంటే చిన్నది. అయినా కేంద్రకంలోని క్రోమోజోముల పంపకం సమమే. ఈ వివరణ లేకపోతే విద్యార్థి రెండు సమాన పరిమాణపు కణాలనే ఊహించుకొంటాడు.

రెండవది 'విభజన'. ఆస్తి విభజనలో వాటాదార్లు పెరిగిన కొద్దీ వాటా తగ్గుతుంది. ఇక్కడ అలా జరగదు, ఎందుకంటే పంపకానికి ముందే పంచవలసినది రెట్టింపవుతుంది. విశ్రాంతిగా కనిపించే అంతరదశలో ఒక నిర్దిష్ట కాలంలోనే డి.ఎన్.ఏ. రెట్టింపవుతుందని 1950ల తొలినాళ్ళలో హోవర్డ్, పెల్క్ చిక్కుడుజాతి మొక్క వేళ్ళ కొనలపై పరిశోధించి చూపారు. ఫ్లెమింగ్ చూసిన నిలువు చీలిక నిజానికి అప్పటికే పూర్తయిన రెట్టింపు బయటపడే దృశ్యం. మన పదంలో పంపకం ఉంది, రెట్టింపు లేదు. గ్రీకు పదంలోనూ లేదు.

మూడవది 'ద్విధావిచ్ఛిత్తి'. బాక్టీరియా విభజనకూ అమీబా విభజనకూ ఒకే పదం వాడతాం. బాక్టీరియాలో కేంద్రకం లేదు కనుక అక్కడ సమవిభజన జరగదు. అమీబాలో కేంద్రకం సమవిభజన చెందుతుంది. ఒకే పేరు రెండు భిన్న యంత్రాంగాలను కప్పుతోంది.

నాలుగవది 'కండె'. క్రోమోజోములను ధ్రువాలకు చేర్చే నిర్మాణాన్ని ఐరోపా భాషలలో నూలు వడికే కదురు పేరుతో పిలిచారు. తెలుగు పారిభాషికులు 'కదురు' అనకుండా 'కండె' అన్నారు. నూలు చుట్టి నాడెలో పెట్టే కండెకు నడుమ లావు, కొనలు సన్నం. కణంలోని ఆకృతికి అది చక్కగా సరిపోతుంది. పైగా 'కండె పోగులు' అన్నప్పుడు, 'సమవిభజన'లో జారిపోయిన దారం నేతగాని మాటలో తిరిగి దొరుకుతుంది. ఫ్లెమింగ్ పేరుపెట్టిన పోగులు క్రోమోజోములు, ఇవి వాటిని నడిపే తంతువులు అన్న భేదాన్ని మాత్రం గుర్తుంచుకోవాలి.

ఐదవది 'అలైంగిక'. ఇది లేనిదానిని బట్టి పెట్టిన పేరు. లైంగికత ప్రమాణమని, ఇది దాని లోపమని సూచించే పదం. అంటు, ఒట్టు, పిలక, ముచ్చె, కొమ్ము, కార్శి అనే మాటలు ఉన్నదానిని బట్టి పెట్టినవి. ఒక్కొక్కటీ మొక్కలోని ఏ భాగం వృద్ధికి ఆధారమో చెబుతుంది. ముచ్చెలకు ఎంచిన గడను రైతు 'విత్తనపు చెరకు' అంటాడు. వృక్షశాస్త్ర దృష్టిలో అది విత్తనం కాకపోయినా, తరువాతి తరానికి వారసత్వాన్ని అందించేదేదైనా విత్తనమే అనే అవగాహన ఆ వాడుకలో ఉంది.

ముగింపు

ఫ్లెమింగ్ 1882లో చూసినదానికి పేరు పెట్టాడు. తెలుగు పారిభాషికులు, రూ ప్రతిపాదన, వైస్‌మన్ సందేహం, డ్రీష్ ప్రయోగం, తోటల సాక్ష్యం దాటి స్థిరపడిన అర్థానికి పేరు పెట్టారు. అందుచేత 'సమవిభజన'ను మూలపదానికి దూరమైన అనువాదమని తోసిపుచ్చడం న్యాయం కాదు. అది ఒక వివాదం ముగిసిన తరువాతి తీర్పును చెప్పే పదం. తీర్పు మాత్రమే మిగిలి వాదం మరుగునపడటం దాని లోపం. పదకోశాలలో ఈ ఆరోపానికి ఎదురుగా పర్యాయపదాన్ని మాత్రమే ఇవ్వకుండా, పోగు అనే మూలార్థాన్ని, 'సమ' దేనికి వర్తిస్తుందన్న వివరణను చేర్చితే ఆ లోపం తీరుతుంది. 'అలైంగిక ప్రత్యుత్పత్తి', 'శాఖీయ ప్రత్యుత్పత్తి' అనే ఆరోపాల కింద రైతుల మాటలను ప్రాంతభేదాలతో సహా నమోదు చేయడం కూడా అంతే అవసరం. కణంలోని సమతను శాస్త్రవేత్తలు వాదించి స్థాపించడానికి ఎన్నో తరాల ముందే ఆ మాటలు దానిని ఆచరణలో నిలిపాయి.